కొల్లేరు నేర్పిన పాఠం - సర్కారా? బజారా?

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకు లారీలు ఎక్కువ వస్తే ధర పడిపోతుంది, రాకపోతే పెరుగుతుంది. సర్కారు జోక్యం వద్దు, బజారే అన్నీ సర్దుకుంటుందనేది ఒక సిద్ధాంతం. 1776లో ఆడం స్మిత్ రాసిన గ్రంథాన్ని దానికి మూలమని చెప్తారు. ఆకలిని, రోగాన్ని, నిరుద్యోగాన్ని బజారుకు వదలరాదు, ప్రభుత్వమే పూచీ పడాలనేది రెండవ సిద్ధాంతం. 1942లో బ్రిటన్‌లో వచ్చిన బెవరిడ్జి నివేదిక దీనికొక రూపమిచ్చింది. ఈ రెంటి పోరు చూడడానికి మనం లండన్ పోనక్కరలేదు. ఏలూరు పక్కనే కొల్లేరు ఉన్నది.

పూర్వం లంక గ్రామాలవారు నీరున్నప్పుడు చేపలు పట్టుకొని, నీరు తీసినప్పుడు వరి వేసుకొని బతికేవారు. వరదొస్తే పంట పోయేది. 1976లో జలగం వెంగళరావుగారి ప్రభుత్వం పేద మత్స్యకారులకు, షెడ్యూల్డు కులాలవారికి సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు ఇచ్చింది. అది మంచి పనే, అందులో అనుమానం లేదు.

కానీ చెరువు ఇస్తే సరిపోతుందా? చేపపిల్లలు కొనాలి, మేత వేయాలి, ఐసు పెట్టి కలకత్తాకు లారీ ఎక్కించాలి. అంత పెట్టుబడి గరీబు దగ్గర ఎక్కడిది? డబ్బున్నవాళ్లు వచ్చి చెరువులు లీజుకు తీసుకున్నారు. చాలాచోట్ల కాగితం మీది యజమాని తన చెరువు గట్టు మీదనే కూలివాడయ్యాడు. అక్రమ చెరువులు పెరిగి నీటి దారులు మూసుకుపోయాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో అయిదవ కాంటూరు లోపలి చెరువుల గట్లు సర్కారే కొట్టించివేసింది. సరస్సు బతకాలంటే అది అవసరమే. అయితే పెట్టుబడిదారు మరోచోట చెరువు తవ్వుకోగలడు. లంకలోని మనిషి ఎక్కడికి పోతాడు?

1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. కడుపులో పడిన అన్నాన్ని ఎవరూ లీజుకు తీసుకోలేరు. చెరువును తీసుకోగలరు. తేడా ఇక్కడే ఉన్నది.

బజారును తిట్టడం మా ఉద్దేశం కాదు. కొల్లేటి చేపకు దూరదేశంలో గిరాకీ తెచ్చింది బజారే. కానీ ఆస్తి ఇచ్చినవారు అప్పు, శిక్షణ, అమ్ముకునే దారి కూడా చూపకపోతే ఆ ఆస్తి మళ్లీ డబ్బున్నవాడి చేతికే పోతుంది. రేపు మన సొసైటీ ఒక బీద తల్లికి కుట్టుమిషను ఇచ్చినా ఇదే లెక్క. మిషనుతో పాటు గుడ్డ కొనే పైసలు, పని చూపించే మనిషి కూడా ఉంటేనే అది ఆమె ఇంట్లో నిలుస్తుంది.