ట్రెడ్‌మిల్ మీద ఆరేసిన చీర

మా ఇంట్లో ట్రెడ్‌మిల్ కొని ఆరేళ్లయింది. మొదటి నెల మావారు నడిచారు. రెండో నెల అప్పుడప్పుడూ నేను నడిచాను. మూడో నెల నుంచి దాని మీద బట్టలు ఆరుతున్నాయి. రెండు పక్కల ఉన్న పట్టీల మీద రెండు చీరలు, ముందున్న కడ్డీకి తువ్వాళ్లు. వానాకాలంలో నిజంగానే పనికొస్తుంది. మీ ఇంట్లోనూ ఇదే కథైతే నవ్వుకోండి, నేనేం అనుకోను.

ఈమధ్య దాని మీద బట్టలు తీయాల్సి వచ్చింది. రెండేళ్ల కిందట మా అమ్మ బాత్‌రూమ్‌లో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యాక మా దగ్గరే ఉంటోంది, వాకర్ పట్టుకుని నడుస్తుంది. ఆ భయంతోనే 46 నిండాక నేనూ ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకున్నాను. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "ఉండాల్సిన దానికన్నా తక్కువే ఉంది. నడక ఒక్కటే చాలదు. బరువులు కూడా ఎత్తాలి" అన్నారు.

"రోజూ ఎత్తుతూనే ఉన్నాను కదండీ. బియ్యం బస్తా, నీళ్ల బిందె, తడి బట్టల బకెట్టు" అన్నాను.

"అవి లెక్కలోకి రావమ్మా. వారానికి రెండు రోజులు, ఒక వరసలో, కొద్దికొద్దిగా బరువు పెంచుకుంటూ ఎత్తాలి" అన్నారావిడ. తర్వాత చూస్తే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లోనూ ఇదే ఉంది. పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం కావాలట. అది కాక కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే కసరత్తు చేయాలట.

విషయం చెప్పగానే మావారు ఫోన్ తీసి సామాన్లు చూడటం మొదలుపెట్టారు. బల్లలు, కడ్డీలు, ఇనప చక్రాలు. "ముందు గదిని జిమ్ చేసేద్దాం" అన్నారు. "ఆగండి, ఉన్నదాని సంగతి ముందు తేలనివ్వండి" అన్నాను. బీఏలో తెలుగు చదివిన అలవాటేమో, ఏ వస్తువైనా దాని పేరు ఎక్కడ పుట్టిందో తెలిస్తే గానీ నాకు తృప్తి ఉండదు. కొనే ముందు ఈ సామాన్ల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఏం కొనాలో షాపువాళ్ల కంటే ఆ చదువే నాకు బాగా చెప్పింది.

ట్రెడ్ అంటే తొక్కడం, మిల్ అంటే మర. తొక్కుడు మర అన్నమాట. దీన్ని జైళ్లలోకి తెచ్చినవాడు విలియం క్యూబిట్ అనే ఇంగ్లీషు ఇంజినీరు. నార్ఫోక్ ప్రాంతంలో పిండిమర నడిపేవాళ్ల ఇంట్లో పుట్టాడు. జైల్లో ఖైదీలు ఊరికే కూర్చుంటున్నారని 1818లో వాళ్ల కోసం పెద్ద చెక్క చక్రం ఒకటి తయారుచేశాడు. దాని చుట్టూ మెట్లుంటాయి. ఖైదీలు పైనున్న కడ్డీ పట్టుకుని వరసగా నిలబడి మెట్టు తొక్కాలి. తొక్కిన మెట్టు కిందికి దిగిపోతుంది, వెంటనే పై మెట్టు ఎక్కాలి. గంటల తరబడి ఎక్కినా ఉన్నచోటే ఉంటారు. 1821లో లండన్ దగ్గరి బ్రిక్స్‌టన్ జైల్లో పెట్టిన చక్రం గింజలు పిండి పట్టేది. కొన్ని జైళ్లలో మాత్రం ఆ చక్రానికి ఏ మరా తగిలించలేదు. తొక్కించడం కోసమే తొక్కించేవారు.

మరుసటి ఏడాది అది న్యూయార్క్ చేరింది. అక్కడి జైలు ఉద్యోగి జేమ్స్ హార్డీ 1824లో దాని గురించి ఒక పుస్తకం రాశాడు. ఖైదీలని భయపెట్టేది ఒళ్లు నొప్పి కాదని, ఎప్పటికీ మారని ఆ ఒకే అడుగని అందులో అన్నాడు. ఆస్కార్ వైల్డ్ అంతటి రచయిత 1895లో జైలుపాలైనప్పుడు ఆయనా ఈ చక్రం తొక్కాడు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది జమైకా సంగతి. 1834లో అక్కడ బానిసత్వం రద్దయింది, కానీ పనివాళ్లని మరికొన్నేళ్లు పాత యజమానుల దగ్గరే కట్టిపడేశారు. మాట వినని వాళ్లని జైలుకి పంపి ఈ చక్రం తొక్కించేవారు. 1837 నాటి బొమ్మ ఒకటి ఉంది. అందులో ఆడవాళ్ల మణికట్లు పై కడ్డీకి కట్టేసి ఉంటాయి, పక్కన కొరడా పట్టుకున్న మనిషి ఉంటాడు. ఆ బొమ్మ చూశాక చాలాసేపు మా ట్రెడ్‌మిల్ వంక చూడలేకపోయాను. నేను తువ్వాళ్లు ఆరేసేదీ ముందున్న కడ్డీ మీదే.

ఇంగ్లండ్ జైళ్లలో కఠిన శిక్షలు తగ్గిస్తూ 1898లో చట్టం వచ్చాక ఆ చక్రాలు పోయాయి. తర్వాత తొక్కుడు మర డాక్టర్ల చేతిలో మళ్లీ పుట్టింది. ఈసారి మెట్లు లేవు, కింద తిరిగే పట్టా ఉంది. అమెరికాలోని సియాటిల్‌లో రాబర్ట్ బ్రూస్ అనే గుండె డాక్టరు రోగులని దాని మీద నడిపిస్తూ, మూడేసి నిమిషాలకోసారి వేగమూ వాలూ పెంచుతూ గుండె పనితీరు చూశాడు. 1963 నాటికి ఆ పద్ధతి స్థిరపడింది. మన ఆసుపత్రుల్లో టీఎంటీ అని రాసేది ఈ పరీక్షే. 1968లో డాక్టర్ కెన్నెత్ కూపర్ ఏరోబిక్స్ మీద రాసిన పుస్తకం వచ్చింది. అది చదివిన విలియం స్టాబ్ అనే ఇంజినీరు, వాన పడినా మంచు పడినా ఇంట్లోనే పరుగెత్తేలా చవకైన యంత్రం ఎందుకుండకూడదని ఇళ్ల కోసం ట్రెడ్‌మిల్ తయారుచేశాడు. జైలు నుంచి పడగ్గదికి రావడానికి దానికి 150 ఏళ్లు పట్టింది.

ఖైదీ దిగడానికి వీల్లేదు. నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు దిగొచ్చు. దిగాను కూడా. కుక్కర్ మూడో విజిల్‌కి దిగాను, పాలవాడు బెల్లు కొడితే దిగాను, "అమ్మా, నా ఐడీ కార్డు ఎక్కడా?" అంటే దిగాను. ట్రెడ్‌మిల్‌లో లోపమేం లేదు. దాని మీద అరగంట నిలబడే వీలే నాకు లేకపోయింది.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటారు. "మన అమ్మమ్మలకి జిమ్ములెక్కడివి? రోలూ రోకలీ తిరగలే వాళ్ల జిమ్" అని. ఆ మెసేజ్ నేనూ పదిమందికి పంపాను. ఈసారి మాత్రం అమ్మని అడిగాను.

"అమ్మమ్మ వడ్లు దంచేటప్పుడు ఆయాసం వస్తే ఆపేదా?"

"రాత్రికి బియ్యం కావాలి కదే. ఎలా ఆపుద్ది?"

"జ్వరమొస్తే?"

"జ్వరమొస్తే పెద్దమ్మ దంచేది. పెద్దమ్మ నెల తప్పినప్పుడూ దంచింది."

ఒకే రోట్లో ఇద్దరు ఒకరి తర్వాత ఒకరు పోటు వేస్తుంటే ఆ చప్పుడు వీధి చివరికి వినిపించేదని, పాటలు కూడా పాడుకునేవారని అమ్మ చెప్పింది. ఆ రోజుల్లో వాళ్ల చేతులు గట్టివే, కాదనను. కానీ ఎంత బరువు, ఎంతసేపు, ఎప్పుడు ఆపాలి అన్నవి దంచేవాళ్ల చేతిలో లేవు. అది పని. కసరత్తు వేరు. ఇంటిపనే వ్యాయామం అని ఎవరైనా అంటే డాక్టరమ్మ చెప్పిన "లెక్క" నాకు ఇప్పుడు గుర్తొస్తుంది.

ఇక డంబెల్. డంబ్ అంటే మూగ, బెల్ అంటే గంట. చర్చి గంటలు లాగేవాళ్లకి భుజాలు బలంగా ఉంటాయని, గంట లేకుండా తాడు మాత్రం లాగే ఏర్పాటు ఇళ్లలో చేసుకునేవారు. చప్పుడు చేయదు కాబట్టి మూగగంట. ఆ పేరే తర్వాత చేత్తో పట్టుకునే బరువులకి వచ్చింది. జోసెఫ్ అడిసన్ అనే ఇంగ్లీషు రచయిత తన గది మూలలో ఇలాంటి మూగగంట పెట్టుకుని రోజూ పొద్దున్నే ఒక గంటసేపు కసరత్తు చేస్తానని 1711లో ఒక వ్యాసంలో రాశాడు. ఆయన అద్దెకున్న ఇంటి యజమానురాలికీ ఆవిడ కూతుళ్లకీ ఆ వేళ బాగా తెలుసట. ఆ సమయంలో వాళ్లు ఎవరూ గదిలోకొచ్చి ఆయన్ని కదిలించేవారు కాదట.

అది చదివి నేను ఆగిపోయాను. ఇంట్లో చేసే కసరత్తుకి కావలసిన అసలు సామాను ఇదే కదా! ఆ గంట ఆయనకి దొరికింది, ఇంట్లో ఆడవాళ్లు కాపాడారు కాబట్టి. మరి వాళ్ల గంట ఎవరు కాపాడారో ఆ వ్యాసంలో లేదు.

ఆడవాళ్లకి సామాన్లు రాకపోలేదు. మన పహిల్వాన్లు తాలింఖానాల్లో తిప్పే కర్రగదల్ని, అంటే ముగ్దర్లని, ఇంగ్లీషు సైనికులు చూసి తమ దేశం పట్టుకెళ్లారు. అక్కడ వాటికి ఇండియన్ క్లబ్బులని పేరు. డోనాల్డ్ వాకర్ 1834లో మగవాళ్ల కసరత్తుల పుస్తకంలో వాటిని చేర్చాడు. రెండేళ్లకి ఆడవాళ్లకి వేరే పుస్తకం రాశాడు. అందం కాపాడుకోవడానికి, పెంచుకోవడానికి అని దాని పేరులోనే ఉంది. బలం మాట లేదు. అమెరికాలో డయో లూయిస్ 1862లో తన కసరత్తుల పుస్తకంలో ఆడవాళ్లకీ పిల్లలకీ కూడా చోటిచ్చాడు. ఇనప డంబెల్స్ బదులు తేలికైన చెక్కవి పట్టించాడు. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడలో కూడా జిమ్ ఉండేది, కరెంటుతో ఊగే గుర్రంతో సహా. అందులో ఆడవాళ్లకి పొద్దుటి పూట విడిగా వేళ కేటాయించారు. ఓడ మీద దొరికిన ఆ వేళ ఎంతమందికి ఇళ్లలో దొరికిందో!

ఆ ముగ్దర్లు పుట్టిన చోట మాత్రం, మా ఊరి తాలింఖానాలోకి ఆడపిల్లలు వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. అలాంటి మా శ్రీకాకుళం జిల్లా నుంచే, ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి, కరణం మల్లీశ్వరి వచ్చింది. ఒలింపిక్స్‌లో మగవాళ్ల బరువులెత్తే పోటీ 1896లోనే ఉంది. ఆడవాళ్లకి మొదటిసారి పెట్టింది 2000లో సిడ్నీలో. ఆ మొదటిసారే మల్లీశ్వరి 69 కిలోల విభాగంలో 110, 130 మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. మా ఇంట్లో అందరూ పేపరు చుట్టూ చేరి మురిసిపోయారు. ఆ వారమే నేను బియ్యం డబ్బా జరపబోతే, "ఆడపిల్లవి, నడుం పట్టేస్తాది, అన్నయ్యని పిలు" అన్నారు. నేను పిలిచాను కూడా.

ఇంత చదివాక కొన్నవి మూడే. రెండు కిలోల డంబెల్స్ ఒక జత, మూడు కిలోలవి ఒక జత. గుండ్రంగా ఉన్నవైతే దొర్లిపోయి కాలికి తగులుతాయని ఆరు పలకలున్నవి, గచ్చు పగలకుండా రబ్బరు తొడుగున్నవి ఎంచుకున్నాను. బరువు ఎంతైనా పది పన్నెండు సార్లు ఎత్తేసరికి చివరి రెండూ కష్టమనిపించాలి, నడుం మాత్రం వంకర పోకూడదు. అదే నాకు సరిపోయే బరువు. రెండోది సాగే రబ్బరు పట్టీలు. వాడే ముందు రోజూ వెలుతురులో సాగదీసి చూస్తాను, చిన్న చీలికున్నా పక్కన పడేయడమే, తెగితే ముఖం మీదికొస్తుంది. మూడోది జారని చాప. కుర్చీ వంటింట్లోదే, చక్రాలు లేనిది. కూర్చుని లేవడం ఎన్నిసార్లు చేయగలనో దాని మీదే లెక్క. ఎముకలు బాగా పలచబడ్డాయని చెప్పిన వాళ్లూ, నడుంనొప్పి, బీపీ ఉన్నవాళ్లూ డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి.

ముందు గది అలాగే ఉంది. నాలుగో సామాను డబ్బులకి దొరికేది కాదు. పొద్దున్న ఆరు నుంచి ఆరున్నర దాకా ఆ గది తలుపు వేసి ఉంటుందని ఇంట్లో చెప్పేశాను. మొదటి వారం తలుపు మూడుసార్లు తట్టారు. చొక్కా, ఛార్జరు, పాల ప్యాకెట్టు. నేను తీయలేదు. రెండో వారానికి చొక్కా దానంతటదే దొరికింది.

ట్రెడ్‌మిల్ అమ్మలేదు. బట్టలు బాల్కనీ తాడు మీదికి పోయాయి. దాని పట్టీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం నేర్చుకుంటున్నాను. ఫిజియోథెరపీ ఆవిడ చెప్పినట్టు అమ్మ కుర్చీలో కూర్చుని అరకిలో బరువులు ఎత్తుతుంది.

నిన్న ఎత్తుతూ ఎత్తుతూ మధ్యలో ఆపేసింది.

"ఏమైందమ్మా?"

"ఆయాసం వచ్చిందే. కాసేపు ఆగుతాను" అంది.

వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. ఇద్దరం కూర్చునే ఉన్నాం. మావారి చెప్పుల చప్పుడు వంటింటి వైపు వెళ్లింది.