టేపు ఎవరికోసమూ ఆగదు

1988 నవంబరు 2. లండన్‌లో థేమ్స్ దక్షిణపు ఒడ్డున, క్వీన్ ఎలిజబెత్ హాల్లో కూర్చున్నారు మీరు. వేదిక మీద నలుగురే. రెండు వయొలిన్లు, ఒక వియోలా, ఒక చెల్లో: శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చిన క్రోనోస్ క్వార్టెట్. స్వరకర్త స్టీవ్ రైక్ కొత్తగా రాసిన 'డిఫరెంట్ ట్రైన్స్' ఇప్పుడే మొదటిసారి జనం చెవిన పడబోతోంది.

కమాన్లు తీగల మీద పడ్డాయి. ఎత్తుకోవడమే పరుగు, పట్టాల మీద చక్రాల దరువు. నాలుగు కమాన్లకి ఇంత శబ్దం ఎక్కడిదని మీకు అనుమానం. స్పీకర్లలో మరో మూడు క్వార్టెట్లు దాగున్నాయి, ముందే వాయించి టేపుకి ఎక్కించినవి. ఆ గుంపులోంచి రైలు కూత లేస్తుంది. అనుకరణ కాదు, 1930లు, 40ల నాటి అమెరికా రైళ్ల అసలు కూత. పొడుగ్గా, తాపీగా, షడ్జానికీ పంచమానికీ ఉన్నంత ఎడంతో మోగుతుంది.

అంతలో వియోలా ఓ చిన్న పలుకు పలుకుతుంది. నాలుగైదు స్వరాలు, అంతే. మళ్లీ అదే. మళ్లీ అదే. రాగంలా లేదు, అలాగని అర్థం లేనట్టూ లేదు. ఇదేమిటా అని మీరు చెవి ఒగ్గేసరికి స్పీకర్లోంచి ఓ పెద్దావిడ గొంతు షికాగో పేరు, న్యూయార్క్ పేరు చెబుతుంది. ఆ మాట తీరే ఇందాక వియోలా వాయించింది! దీర్ఘం దీర్ఘంగా, ఎత్తు ఎత్తుగా, విరుపు విరుపుగా. మన కచేరీలో గాయకుడు ఒక సంగతి వేస్తే పక్కనున్న వయొలిన్ దాన్ని అందుకుంటుంది. ఇక్కడ పక్కవాద్యమే ముందు పలుకుతుంది, గొంతు తర్వాత వస్తుంది.

ఆ పెద్దావిడ వర్జీనియా, రైక్‌ని చిన్నప్పుడు పెంచిన ఆయా. ఆయన 1936లో న్యూయార్క్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోయారు, తల్లి లాస్ ఏంజిలిస్‌లో, తండ్రి న్యూయార్క్‌లో. 1939 నుంచి 1942 దాకా ఇద్దరి మధ్యా ఈ పిల్లవాడు ఆయాతో కలిసి రైళ్లలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగాడు. పెద్దయ్యాక తట్టిందట: తను యూదుడు, అవే ఏళ్లలో యూరప్‌లో ఉండి ఉంటే ఎక్కాల్సినవి వేరే రైళ్లు కదా! అందుకే డెబ్బై దాటిన వర్జీనియాతో మాట్లాడించి టేపు చేశాడు. అమెరికా స్లీపర్ పెట్టెల్లో పనిచేసి రిటైరైన, ఎనభై దాటిన ఓ పోర్టర్‌తోనూ మాట్లాడించాడు. నాజీల మారణకాండ నుంచి బతికి బయటపడినవారి గొంతులు పాత రికార్డింగుల్లో దొరికాయి. వాటిలోంచి శ్రుతి స్పష్టంగా తెలిసే ముక్కలు ఏరి, కాసియో శాంప్లర్ అనే యంత్రంలోకి ఎక్కించి, ఏ మాట ఏ స్వరంలో పడుతోందో చూసి కాగితం మీద పెట్టాడు. ఆడగొంతుకి వియోలా, మగగొంతుకి చెల్లో.

ఇప్పుడు వాద్యకారుల చేతులు చూడండి. ఒక్కో మనిషి మాట వేగం ఒక్కోలా ఉంటుంది, శ్రుతీ అంతే. గొంతు మారగానే నడకా శ్రుతీ ఠక్కున మారిపోతాయి. మామూలు క్వార్టెట్‌లో ఒకరు కాస్త సాగదీస్తే మిగతావాళ్లు సర్దుకుంటారు. టేపుకి ఆ మర్యాద తెలీదు. అది ఎవరికోసమూ ఆగదు. దాన్ని అందుకోవాల్సింది ఈ నలుగురే.

వర్జీనియా గొంతు, పోర్టర్ గొంతు ఏళ్లు చెబుతున్నాయి. 1939. 1940. 1941. విన్న మీకు వీపు జలదరిస్తుంది.

విరామం లేకుండానే రెండో భాగం. దరువు ఉంది, కూత మారింది. యూరప్ రైలు పొట్టిగా, కీచుమని అరుస్తుంది. దాని మీద సైరన్లు పైకి పాకి కిందికి జారుతున్నాయి. గొంతులు ముగ్గురివి: రాషెల్లాది రాటర్‌డామ్, పాల్‌ది బుడాపెస్ట్, రేచెల్‌ది బ్రస్సెల్స్. అందరూ ఇంచుమించు రైక్ ఈడువాళ్లే. జర్మన్లు వచ్చిన రోజు, పిల్లవాడి వైపు వేలు చూపించిన మేష్టారు, పశువుల పెట్టెల్లో నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు, నోరు తిరగని పోలండ్ ఊళ్ల పేర్లు, చేతి మీద పచ్చబొట్టు నంబరు. ఇక్కడ వాద్యాలు ఏడవవు. అదే నాకు నచ్చింది. మరో స్వరకర్తయితే వయొలిన్ల చేత శోకాలు పెట్టించేవాడు. రైక్ మాత్రం వాళ్లు మాట్లాడిన స్వరాలకి ఒక్క స్వరం కలపడు, తియ్యడు.

మంటల మాట, పొగ మాట వచ్చాక దరువు చచ్చిపోతుంది. హాల్లో మీరు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

మూడో భాగం ఎత్తుకోవడం వేదిక మీది మనుషులదే. చెల్లో ఒక పలుకు అంటుంది, మిగతావి ఒక్కొక్కటిగా దాన్ని అందుకుంటాయి. కాసేపటికి పాల్ గొంతు వచ్చి అర్థం చెబుతుంది: యుద్ధం అయిపోయింది. నిజమేనా అని ఇంకో గొంతు అడుగుతుంది. అమెరికా రైళ్లు, న్యూయార్క్, లాస్ ఏంజిలిస్ మళ్లీ వస్తాయి. ఆ రైళ్లు ఇప్పుడు లేవని పోర్టర్ అంటాడు. చివరికి చక్కటి గొంతున్న ఒక అమ్మాయి సంగతి: ఆమె పాడుతుంటే జర్మన్లు ముచ్చటపడి విన్నారు, ఆపితే ఇంకా పాడమన్నారు, చప్పట్లు కొట్టారు. రచన అక్కడితో అయిపోతుంది. ఇప్పుడు చప్పట్లు కొట్టాల్సింది మీరు. చేతులు అంత తేలిగ్గా లేవవు.

ఎలక్ట్రానిక్స్ కలిపిన చాంబర్ సంగీతంలో యంత్రాన్ని తళుకుబెళుకులకి వాడినవి చాలానే ఉన్నాయి. ఈ రచనలోంచి టేపు తీసేస్తే మిగిలేది ఏమీ లేదు. క్రోనోస్ రికార్డింగు 1989లో నోన్‌సచ్ కంపెనీ విడుదల చేసింది. రచనకి గ్రామీ అవార్డూ వచ్చింది. నిడివి దాదాపు 27 నిమిషాలు. వింటే మాత్రం మధ్యలో ఆపకండి.