ఒంగోలు బాప్టిస్టు సంఘం: పలకకెక్కని కాపరులు

ఉపోద్ఘాతం

మన సంఘాలలో చాలాచోట్ల వెస్ట్రీ గదిలో ఒక పేర్ల పలక ఉంటుంది. సంఘంలో పనిచేసిన కాపరుల పేర్లు, వారు వచ్చిన సంవత్సరం, వెళ్ళిన సంవత్సరం దానిమీద వ్రాసి ఉంటాయి. నేను పరిచర్య చేసిన ఒక పల్లె సంఘంలో ఆ పలకమీద మొదటి మూడు పేర్లు దొరలవి. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఒక వృద్ధురాలు ఆ పలక చూపించి, "అయ్యగారూ, మా తాతకు బాప్తిస్మమిచ్చిన బోధకుడి పేరు ఇందులో లేదేమి?" అని అడిగింది. పాత రిజిస్టరు వెదికాము. తాతగారి పేరు ఉంది. మిషనరీ పేరు ఉంది. బోధకుడి పేరు లేదు. ఆ ప్రశ్న మనస్సులో పెట్టుకొని, మన తెలుగు బాప్టిస్టు సంఘాలలో అనేకమైన వాటికి తల్లి వంటిదైన ఒంగోలు సంఘ చరిత్రను మరల పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొండమీద ఐదుగురు

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను శామ్యూల్ డే దొరగారితో 1836లో ప్రారంభమై, 1840లో నెల్లూరులో స్థిరపడింది. చాలా సంవత్సరాలు ఫలితం స్వల్పం. 1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన మిషను సమావేశంలో ఈ పనిని మూసివేయాలా అన్న చర్చ వచ్చింది. ఆ సందర్భంలో శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ వ్రాసిన పద్యంవల్ల మన మిషనుకు "ఒంటరి నక్షత్రం" అనే పేరు వచ్చిందని మనందరికీ తెలుసు.

1854 జనవరి 1న, సూర్యోదయ వేళ, ఒంగోలు కొండమీద జరిగిన ప్రార్థననుకూడ మనం తరచుగా జ్ఞాపకం చేసుకుంటాము. దానిని "జ్యూయెట్ దొరగారి ప్రార్థన" అని చెప్పడం మనకు అలవాటు. అయితే ఆ కొండ ఎక్కినవారు ఐదుగురు: లైమన్ జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఐదుగురిలో ముగ్గురు మనవారే, వారిలో ఇద్దరు స్త్రీలు. ఒంగోలుకు ఒక సేవకుని పంపమని ప్రభువును అడిగిన స్వరాలలో తెలుగు స్వరాలే ఎక్కువ. మనం చెప్పుకునే చరిత్రలో మాత్రం ఒక్క స్వరమే వినబడుతుంది.

పేరయ్యగారు వేసిన దారి

జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలు వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. అప్పటికే యెర్రగుంట్ల పేరయ్యగారు, ఆయన భార్య నాగమ్మగారు బాప్తిస్మం పొంది ఉన్నారు.

పేరయ్యగారు మాదిగ కులస్థులు, తోళ్ళ వ్యాపారి. అంతకుమించి, తనవారిలో యోగం బోధించే గురువుగా గౌరవం పొందినవారు. వ్యాపారం మీద గోదావరి వైపు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీలవల్ల సువార్త విన్నారు. ఒంగోలు సంఘం మొదలైన ఆ జనవరి నెలలోనే క్లౌ దొరగారు పేరయ్యగారి ప్రాంతమైన తలకొండపాడు వెళ్ళి కొన్ని దినాలు బోధించగా, 28 మంది బాప్తిస్మం పొందారు. దొరగారు వెళ్ళేనాటికే అక్కడి ప్రజలు వినడానికి సిద్ధంగా ఉన్నారు. వారిని సిద్ధపరచింది పేరయ్యగారు. ఆయన బంధువర్గం, శిష్యవర్గం ఎక్కడెక్కడ ఉన్నదో అక్కడికల్లా సువార్త నడిచింది. మిషను బంగళా నుండి పల్లెకు దారి వేయకముందే పల్లె నుండి బంగళాకు దారి పడిందన్నమాట.

ఎవరిని చేర్చుకోవాలి?

ఈ దశలోనే సంఘానికి పెద్ద పరీక్ష వచ్చింది. ఒంగోలు పట్టణంలోని పై కులాలవారు కొందరు మిషనుపట్ల సుముఖంగా ఉన్నారు. మాదిగలను చేర్చుకుంటే మాత్రం తాము దగ్గరకు రామన్నారు. క్లౌ దొరగారు తన గదిలో, దొరసానిగారు తన గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు, బైబిలు తెరిచినప్పుడు ఇద్దరికీ 1 కొరింథీయులకు 1:26-29 వచనాలే కనబడ్డాయన్నది ఆయన చెప్పిన సాక్ష్యం. నిర్ణయం జరిగిపోయింది. సంఘం ద్వారం ముందుగా పేదలకు తెరవబడింది.

ఆ నిర్ణయానికి మూల్యం చెల్లించినవారు ఎవరు? కొత్త విశ్వాసులకు మూడు నియమాలు పెట్టారు: ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను పూజించరాదు. వినడానికి ఇవి చిన్న నియమాలు. కాని మాదిగ ఆదివారం పనికి రానంటే రైతుకు కోపం. జాతరలో డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. పని పోయింది, గింజలు ఆగిపోయాయి, దెబ్బలు తగిలాయి. ఆ రాత్రి ఆ ఇంటి గుమ్మంలో కూర్చొని, కలిసి ప్రార్థించి ధైర్యం చెప్పింది పల్లె బోధకుడు. దొరగారు ఎన్నో మైళ్ళ దూరాన ఒంగోలులో ఉన్నారు. మూడు నెలలకొకసారి బోధకులందరూ ఒంగోలులో కూడుకొని తమ పల్లెల సంగతులు చెప్పుకొనేవారు. ఆ త్రైమాసిక కూటమే వారికి బడి, వారికి ఆదరణ. 1872లో రామాయపట్నంలో వేదాంత పాఠశాల ఆరంభమైన తరువాత వారిలో కొందరు క్రమమైన శిక్షణ పొందారు.

కరువు, కాలువ, గుండ్లకమ్మ

1876-78 నాటి మహా కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ త్రవ్వకం పని కంట్రాక్టు తీసుకొన్నారు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో సర్వేయరు. ఆ విద్య ఇక్కడ పనికివచ్చింది. బోధకులు మేస్త్రీలుగా నిలిచి, పని చేయించి, విరామ వేళల్లో అలసిన కూలీల ప్రక్కన కూర్చొని క్రీస్తును గూర్చి చెప్పారు.

అన్నంకోసం మతం మారారన్న నింద రాకూడదని ఆ కాలంలో సుమారు 15 నెలలు బాప్తిస్మాలు నిలిపివేశారు. ఈ సంగతి మనం తరచు మరచిపోతాము. కరువు సహాయం ముగిసిన తరువాత, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పిన తరువాతనే, 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద బాప్తిస్మాలు జరిగాయి. జూలై 2న 614, జూలై 3న 2,222, జూలై 4న 700, వెరసి మూడు దినాలలో 3,536 మంది.

లోకమంతా 2,222 అనే సంఖ్యను జ్ఞాపకముంచుకొంది. కాని ఆ దినం బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు బోధకులు. ఇద్దరు నీటిలో నిలిచి ఇస్తుండగా, వారు అలసినప్పుడు మరి ఇద్దరు దిగేవారు. ఉదయం మొదలై, మధ్యాహ్నం కొంత విరామంతో, సాయంత్రానికి ముగిసింది. ఆ 2,222 మందిలో మన తాతముత్తాతలున్నారని గర్వంగా చెప్పుకొనే కుటుంబాలు అనేకం. ఆ ఆరుగురి పేర్లు చెప్పమంటే మనలో ఎందరు చెప్పగలరు?

ఒక సంఘమా, అనేక సంఘాలా?

1880 దశకం ఆరంభానికి ఒంగోలు సంఘ సభ్యులు ఇరవై వేలకు మించారు. ప్రపంచంలోనే పెద్ద బాప్టిస్టు సంఘమని దానిని పొగిడారు. అయితే బాప్టిస్టు సిద్ధాంతం ప్రకారం సంఘమంటే ఒకచోట కూడుకొని, ఒకరినొకరు ఎరిగి, తమ కాపరిని తామే ఏర్పరచుకొనే విశ్వాసుల సహవాసం. వందలాది పల్లెలలో చెదరియున్న ఇరవై వేలమంది ఒకే సంఘం ఎలా అవుతారు? నిజానికి ప్రతి పల్లెలోను ఒక సంఘం ఉంది, దానికొక కాపరి ఉన్నాడు. లెక్కల పుస్తకంలో మాత్రం ఒకే సంఘం, ఒకే పాస్టరు. పల్లె కాపరి "సహాయకుల" వరుసలో చేరాడు. నా అభిప్రాయంలో మన పలకమీద ఖాళీ అక్కడే మొదలైంది. జీతం, ఆస్తి, అధికారం మిషను బంగళాలో ఉండడంతో, పల్లె సంఘం తన కాపరిని తానే పోషించి గౌరవించవలసిన బాధ్యత నేర్చుకోవడం ఆలస్యమైంది. 1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఏర్పడిన తరువాతకూడ ఆ అలవాటు మనలను పూర్తిగా విడువలేదు.

ఇది మిషనరీలను తక్కువ చేయడం కాదు. క్లౌ దొరగారు తన బోధకులను ప్రేమించారు. ఆయన భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ దొరసానిగారు 1899లో ప్రచురించిన ఆంగ్ల గ్రంథంలో ఆ మాదిగ గురువుల, బోధకుల కథలను భద్రపరచకపోతే మనకు పేరయ్యగారి సంగతే ఇంతగా తెలిసేది కాదు. వారు చేయగలిగినది చేశారు. మిగిలినది మన పని.

ముగింపు

యువ సేవకులకు, విద్యార్థులకు నా మనవి ఒకటే. మీ సంఘంలో ఎనభై దాటిన పెద్దలతో ఈ సంవత్సరమే కూర్చోండి. ఎవరు వారికి మొదట వాక్యం చెప్పారు, ఎవరు బాప్తిస్మమిచ్చారు, ఆ బోధకుని భార్య పేరేమి, వారిని ఎక్కడ సమాధి చేశారు అని అడిగి వ్రాసుకోండి. రిజిస్టర్లు చెదలు తినకముందే నకలు తీయండి. దేవుని వాక్యం బోధించిన నాయకులను జ్ఞాపకం చేసుకోమని హెబ్రీయులకు 13:7 మనకు ఆజ్ఞాపిస్తున్నది. పేరు తెలియనివారిని జ్ఞాపకం చేసుకోవడం ఎలా? జీవగ్రంథంలో వారి పేర్లు ఉన్నాయి, సందేహం లేదు. మన పలకమీద కూడ ఉండాలని ఆ వృద్ధురాలు అడిగింది న్యాయమైన మాటే.