చెన్నపురి తెలుగు వైద్యులు – మన దినచర్య

చెన్నపురిలో నాలుగైదు తరములుగా కాపురమున్న మన తెలుగు కుటుంబములలో పాత పెట్టె తెరచినచో రెండు విధముల గ్రంథములు తరచుగా కనబడును. ఒకటి భారత భాగవతములు. రెండవది తెలుగు లిపిలో అచ్చయిన వైద్యగ్రంథములు. మొదటివానిని గూర్చి ఇట్టి సంచికలలో పెద్దలు పలువురు వ్రాసియున్నారు. రెండవవానిని తలచువారు అరుదు. ఆ విద్యను మనకు తెలుగున అందించిన వైద్యులను గూర్చియు, క్రొత్తగా నేర్చువారికి ఆ శాస్త్రము మొట్టమొదట చెప్పు విషయమును గూర్చియు ఇచట ముచ్చటించుకొందము.

మొదట స్మరింపవలసినవారు పండిత దీవి గోపాలాచార్యులుగారు (1872–1920). వీరు బందరువారు. చెన్నపురికి వచ్చి శ్రీ కన్యకాపరమేశ్వరీ దేవస్థానమువారి ధర్మవైద్యశాలలో వైద్యులై పేరు గాంచిరి. 1896లో బొంబాయిలో తలచూపిన ప్లేగు దక్షిణమునకు ప్రాకినపుడు వీరు చేసిన హైమాది పానకము, శతధౌత ఘృతము అను ఔషధముల పేరు నలుదెసల వినవచ్చెను. (ప్లేగునకు నేడు నిశ్చయమైన వేరు మందులు కలవు, వానినే వాడవలెను.) 1913లో ప్రభుత్వమువారు వైద్యరత్న బిరుదము నిచ్చిరి. మా దృష్టిలో వీరు చేసిన పెద్ద మేలు మందులు కాదు. వైద్యగ్రంథములను తెలుగువారికి అందుబాటులోనికి తెచ్చుట, శిష్యులను తయారుచేయుట.

ఆ శిష్యులలో ఆచంట లక్ష్మీపతిగారు (1880–1962) ప్రత్యేకముగా చెప్పదగినవారు. పాశ్చాత్య వైద్యమున పట్టము పొందిన డాక్టరు ఒక పండితునికడ కూర్చుండి ఆయుర్వేదము చదువుట ఆ దినములలో సామాన్య విషయము కాదు. తరువాత వీరు ఆయుర్వేద కళాశాలకు అధ్యక్షులైరి. ఆవడిలో ఆరోగ్యాశ్రమము స్థాపించిరి. వీరి ధర్మపత్ని రుక్మిణీ లక్ష్మీపతిగారు 1946లో మదరాసు రాష్ట్రమునకు ప్రజారోగ్య మంత్రిణియైరి. ఆశ్రమము పేరు గమనింపదగినది. ఉన్న ఆరోగ్యమును కాపాడుకొనుట ముందు, పోయినదానిని తెచ్చుకొనుట తరువాత.

ఇది వారి సొంత కల్పన కాదు. వాగ్భటుని అష్టాంగహృదయము తెరచినవానికి సూత్రస్థానమున రెండవ అధ్యాయముగా దినచర్య, మూడవదిగా ఋతుచర్య, నాలుగవదిగా రోగానుత్పాదనీయము, అనగా రోగము పుట్టకుండ చూచుకొను విధము, ఎదురగును. ఔషధయోగములు ఎంతో తరువాత వచ్చును. తెల్లవారకమునుపే లేవవలెను. పండ్లపుల్లతో దంతధావనము చేయవలెను. నూనె అంటుకొనుట నిత్యవిధి. ముఖ్యముగా తల, చెవులు, అరికాళ్లు మరువరాదు. మన ఇండ్లలో వారమున కొకనాటి తలంటు దానికి మిగిలిన గురుతు. వ్యాయామము తన శక్తిలో సగమునకు మించరాదు. ముందు తిన్నది అరుగక మరల భుజింపరాదు. వీనిలో వ్యయము కలది నూనె యొక్కటే.

నాలుగవ అధ్యాయములోని మాట మాకు మిక్కిలి ఇష్టము. మూత్రము, తుమ్ము, ఆకలి, దప్పి, నిద్ర, కన్నీరు మొదలగు పదమూడు వేగములను బలవంతముగా ఆపరాదు. లోభము, ఈర్ష్య, ద్వేషము మొదలగు వేగములను మాత్రము ఆపవలెను. ముప్పదియేండ్లు గుమాస్తాపని చేసిన మేము దీనిని సరిగా తలక్రిందులుగా ఆచరించితిమి! పై అధికారి గదినుండి కదలువరకు కుర్చీ విడువక మొదటివానిని బిగబట్టితిమి. తోటివానికి ప్రమోషను వచ్చినపుడు రెండవవానిని స్వేచ్ఛగా విడిచితిమి. మా తరపు గుమాస్తాలందరి రోగములకు కారణము ఇచటనే వెదకవలెనేమో.

ధ్యానమునకును ఈ శాస్త్రమున చోటు కలదు. చరకుడు చికిత్సను దైవవ్యపాశ్రయము, యుక్తివ్యపాశ్రయము, సత్త్వావజయము అని మూడు విధములుగా విభజించెను. అహితములైన విషయములనుండి మనస్సును మరలించుటయే మూడవది. నేడు రుసుము తీసికొని నేర్పు ధ్యానమును మన పెద్దలు పూజ ముగిసిన పిమ్మట కన్నులు మూసికొని కూర్చుండుటలో నేర్చిరి. క్రొత్తవారు పది నిమిషములతో మొదలిడిన చాలును. కాలు మడువలేనివారు కుర్చీలోనే కూర్చుండవచ్చును.

1921లో మదరాసు ప్రభుత్వము దేశీయ వైద్యములను గూర్చి ఉస్మాను సంఘమును నియమించెను. 1923 నాటి దాని నివేదికలో తెలుగు వైద్యులు తెలుగుననే వ్రాసిన సమాధానములును అచ్చయినవి. ఆ విచారణ ఫలముగా 1925 ప్రాంతమున ప్రభుత్వ దేశీయ వైద్యపాఠశాల వెలసెను. అది నడచిన కీల్పాకములో 1960 నుండి పాశ్చాత్య వైద్యకళాశాల కలదు.

ఇక పెట్టెలోని పుస్తకముల సంగతి. కోటూరు బసవరాజు రచించిన బసవరాజీయము మన తెలుగువారి సొత్తు. ఔషధముల చట్టము ప్రామాణికముగా అంగీకరించిన ఆయుర్వేద గ్రంథముల పట్టికలో దాని పేరు కలదు. కాని అందు పాదరసాదులతో చేయు యోగములు పెక్కు గలవు. వానిని చూచి ఇంట మందు కాచుకొనుట ప్రమాదము. ఆ పని చదివిన వైద్యునిది. జ్వరమో, మధుమేహమో ఉన్నవారు డాక్టరుగారి మందు మాని దినచర్యను మాత్రము నమ్ముకొనరాదు.

మా వీధిలో ఒక కుటుంబమువారు తాతగారి వైద్యగ్రంథములను నిరుడు పాత కాగితములవానికి తూకమునకు అమ్మిరి. దురాశచేత కాదు, ఇంట తెలుగు మాటలాడువారేగాని చదువువారు లేకపోయిరి. మా మనుమల స్థితియు అంతే. కనుక ఆదివారము తలంటు అయిన పిమ్మట అష్టాంగహృదయములో ఒక పుట వారికి చదివి వినిపించి, ఒక పంక్తి వారిచేత వ్రాయించుచున్నాము. దినచర్య ముగిసినది. ఋతుచర్యలో వర్షర్తువు వరకు వచ్చితిమి.