కన్సోల్ ఎక్స్‌క్లూజివ్‌లు: రోల్ ప్లేయింగ్ గేముల చరిత్ర

ఒకే కంపెనీ తయారు చేసిన యంత్రం మీద తప్ప మరోచోట ఆడటానికి వీల్లేకుండా విడుదలయ్యే వీడియో గేమును కన్సోల్ ఎక్స్‌క్లూజివ్ అంటారు. ఈ పద్ధతి అన్ని రకాల ఆటల్లోనూ ఉంది. అయితే కన్సోళ్ల జాతకాలు తారుమారు కావడంలో రోల్ ప్లేయింగ్ గేముల, అంటే ఆర్పీజీల, పాత్ర ప్రత్యేకించి పెద్దది. ఆర్పీజీలో ఆటగాడు ఒక పాత్రను చేపట్టి, శత్రువులను ఓడిస్తూ, అనుభవాన్ని అంకెల్లో కూడబెట్టి, లెవెల్ పెంచుకుంటూ ఒక పెద్ద కథను చివరిదాకా నడిపిస్తాడు. కారు పందెం అరగంటలో తేలిపోతుంది. ఆర్పీజీ పూర్తి చేయడానికి 40, 50 గంటలు పడుతుంది. అన్ని గంటలు వెచ్చించిన మనిషి తర్వాతి భాగం ఎక్కడ వస్తే అక్కడికి వెళతాడు, అవసరమైతే కొత్త యంత్రమే కొంటాడు. కన్సోల్ కంపెనీలు ఈ సంగతిని తొందరగానే పసిగట్టాయి.

పూర్వరంగం

ఈ ఆటలకు మూలం 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అమెరికాలో ప్రచురించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. అది బల్ల చుట్టూ కూర్చుని, కాగితం, పాచికలతో ఆడే ఆట. మరుసటి ఏడాదికే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ప్లేటో కంప్యూటర్ల మీద విద్యార్థులు దాన్ని అనుకరిస్తూ ప్రోగ్రాములు రాశారు. 1981లో ఆపిల్-2 కంప్యూటరుకు రెండు ఆటలు వచ్చాయి. రిచర్డ్ గారియట్ చేసిన 'అల్టిమా'లో లోకాన్ని పైనుంచి పటంలా చూస్తూ తిరగవచ్చు. ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ చేసిన 'విజర్డ్రీ'లో ఆరుగురి దండుతో చీకటి సొరంగాల్లోకి దిగి వంతులవారీగా పోరాడాలి. 1985 నాటి 'అల్టిమా 4'లో చంపాల్సిన ప్రధాన శత్రువే లేడు. ఎనిమిది సద్గుణాలను అలవరచుకోవడమే ఆట లక్ష్యం. ఆ ఆలోచనకు సాటిరాగలవి తర్వాత కూడా తక్కువే.

ఫామికామ్ యుగం

నింటెండో కంపెనీ ఫామికామ్ కన్సోల్‌ను జపాన్‌లో 1983 జూలై 15న విడుదల చేసింది. 1985లో అదే ఎన్ఈఎస్ పేరుతో అమెరికా చేరింది. 90వ దశకంలో మన ఊళ్లలో టీవీకి తగిలించి ఆడిన చౌకరకం వీడియో గేమ్ పెట్టెలు చాలావరకు దీని నకళ్లే. వాటి 'క్యాసెట్ల'లో మారియో, కాంట్రా దొరికేవి గాని ఆర్పీజీలు దాదాపు ఉండేవి కావు. ఆర్పీజీ ఆడాలంటే బోలెడంత చదవాలి, మధ్యలో ఆపితే సేవ్ కావడానికి క్యాసెట్లో బ్యాటరీ ఉండాలి.

ఎక్స్‌క్లూజివ్‌ను ఒప్పందబద్ధమైన కట్టడిగా మార్చింది నింటెండోయే. అమెరికాలో ఎన్ఈఎస్‌కు ఆటలు చేయదలచిన బయటి కంపెనీ ముందు లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది. ఏడాదికి 5 ఆటలకు మించి విడుదల చేయడానికి వీలుండేది కాదు. ఒకసారి ఇచ్చిన ఆటను రెండేళ్లపాటు మరే కన్సోల్‌కూ ఇవ్వకూడదన్న షరతు ఉండేది. క్యాట్రిడ్జ్‌లను నింటెండోయే తయారు చేయించి ఇచ్చేది. లైసెన్సు లేని క్యాట్రిడ్జ్ పెడితే లోపలి తాళం చిప్ ఆటను మొదలే కానిచ్చేది కాదు.

జపాన్‌లో ఆర్పీజీని ఇంటింటికీ చేర్చిన ఆట 'డ్రాగన్ క్వెస్ట్'. ఎనిక్స్ కంపెనీ దీన్ని 1986 మే 27న ఫామికామ్‌కు విడుదల చేసింది. రూపకర్త యూజీ హోరీ 'షోనెన్ జంప్' వారపత్రికకు రాసే రచయిత. ప్రోగ్రామింగ్ చూసిన కోయిచీ నకమురాదీ ఆయనదీ ఎనిక్స్ నిర్వహించిన పోటీలో పరిచయం. బొమ్మలు అదే పత్రికలో 'డ్రాగన్ బాల్' గీస్తున్న అకీరా తొరియామావి, సంగీతం కోయిచీ సుగియామాది. అల్టిమా పటాన్నీ, విజర్డ్రీ పోరాటాన్నీ కలిపి, పిల్లలకు కూడా అర్థమయ్యేంత సులువుగా మలచడం హోరీ ప్రతిభ.

ఆ ఆట మొత్తం 64 కిలోబైట్లలో ఇమిడింది. చోటు చాలక కటకానా అక్షరాల్లో అవసరమైన వాటినే ఉంచి మిగతావి తీసేశారు. జపనీస్ ప్రతిలో వీరుడి బొమ్మ ఎప్పుడూ ఆటగాడి వైపే చూస్తుంది, పక్కకు నడిచినా వెనక్కి నడిచినా ముఖం తిప్పదు. అందుకే ఎవరితోనైనా మాట్లాడాలంటే 'మాట్లాడు' అన్న ఆజ్ఞ ఎంచుకుని, ఆ తర్వాత ఉత్తరమా దక్షిణమా తూర్పా పడమరా అని కూడా చెప్పాలి. క్యాట్రిడ్జ్‌లో బ్యాటరీ లేదు. ఆట ఆపేటప్పుడు రాజుగారు 20 అక్షరాల మంత్రం ఒకటి చెబుతాడు. దాన్ని కాగితం మీద రాసుకుని, మర్నాడు పొల్లుపోకుండా కొడితేనే పాత లెవెల్, పాత కత్తి తిరిగి వస్తాయి. 1987లో వచ్చిన రెండో భాగంలో ఈ మంత్రం 52 అక్షరాల దాకా పెరిగింది. ఒక్క అక్షరం తప్పుగా రాసుకుంటే అంతవరకూ ఆడిందంతా గంగలో కలిసినట్టే.

మూడో భాగానికి ఈ బాధ తప్పింది, బ్యాటరీ వచ్చింది. అది విడుదలైన 1988 ఫిబ్రవరి 10 బుధవారం. దుకాణాల ముందు బారులు తీరారు, మొదటి రోజే పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది, బడి ఎగ్గొట్టిన వందల మంది పిల్లలు పోలీసుల కంటపడ్డారు. ఆ తర్వాత ఎనిక్స్ ఈ శ్రేణిని సెలవు రోజుల్లో విడుదల చేయడం అలవాటు చేసుకుంది. పనిరోజుల్లో డ్రాగన్ క్వెస్ట్ అమ్మరాదని జపాన్‌లో చట్టం ఉందన్న ప్రచారం వట్టి పుకారు.

స్క్వేర్ కంపెనీకి చెందిన హిరోనొబు సకగుచి 'ఫైనల్ ఫాంటసీ'ని 1987 డిసెంబరు 18న ఫామికామ్‌కే తెచ్చాడు. నొబువో ఉయెమత్సు సంగీతం, యొషితకా అమానో చిత్రాలు దానికి అలంకారాలు. రెండు రోజుల తర్వాత, డిసెంబరు 20న, సెగా కంపెనీ తన మాస్టర్ సిస్టమ్ కన్సోల్‌కు 'ఫాంటసీ స్టార్' విడుదల చేసింది. బయటి కంపెనీలు చాలావరకు నింటెండో పంచనే ఉండటంతో సెగా తన ఆర్పీజీని తానే చేసుకోవలసి వచ్చింది. రియెకో కొదామా బొమ్మలు, యూజీ నకా రాసిన కదిలే సొరంగాలు, ఆలిస్ అనే యువతి కథానాయికగా ఉండటం ఆ ఆట విశిష్టతలు. ఆనాటికి యువతిని కథానాయికను చేయడం సాహసమే.

క్యాట్రిడ్జ్ ధర, డిస్క్ చోటు

1990 నవంబరు 21న వచ్చిన సూపర్ ఫామికామ్ మీద ఈ ప్రక్రియ పతాకస్థాయికి చేరింది. 1994లో 'ఫైనల్ ఫాంటసీ 6', 1995 మార్చి 11న 'క్రోనో ట్రిగ్గర్' వచ్చాయి. రెండోదానికి ప్రత్యర్థి శ్రేణుల సృష్టికర్తలు సకగుచి, హోరీ చేతులు కలిపారు, తొరియామా బొమ్మలు గీశాడు. యసునోరీ మిత్సుదా అనే యువకుడు సంగీతంలో అధికభాగం సమకూర్చాడు. కాలంలో వెనక్కీ ముందుకీ వెళ్లే ఈ కథకు పదికి పైగా ముగింపులున్నాయి. ఈ రంగంలో ఇంత పొందికైన ఆట అరుదు.

అయితే ఈ రెండింటి ధర చెరో 11,400 యెన్‌లు. ఆట పెద్దదైన కొద్దీ చిప్‌లు పెరుగుతాయి, చిప్‌లు పెరిగిన కొద్దీ క్యాట్రిడ్జ్ ఖర్చు పెరుగుతుంది. డిస్క్ అయితే ముద్రించడానికి చాలా తక్కువ చాలు. సూపర్ ఫామికామ్‌కు సీడీ పరికరం చేయడానికి సోనీతో కుదిరిన ఒప్పందాన్ని నింటెండో 1991లో పక్కనపెట్టి ఫిలిప్స్ వైపు మళ్లింది. సోనీ ఊరుకోకుండా 1994 డిసెంబరు 3న సొంతంగా ప్లేస్టేషన్ తెచ్చింది. నింటెండో మాత్రం 1996లో వచ్చిన నింటెండో 64కు కూడా క్యాట్రిడ్జ్‌నే నమ్ముకుంది. దాని అతిపెద్ద క్యాట్రిడ్జ్‌లో పట్టేది 64 మెగాబైట్లు. ఒక్క సీడీలో దాదాపు 650 పడతాయి.

1996 జనవరిలో స్క్వేర్ తన 'ఫైనల్ ఫాంటసీ 7' ప్లేస్టేషన్‌కు వస్తుందని ప్రకటించింది. కన్సోళ్ల చరిత్రలో ఇంతకంటే పెద్ద ఫిరాయింపు లేదు. 1997 జనవరి 31న మూడు డిస్కుల్లో, 6,800 యెన్‌లకు ఆ ఆట వచ్చింది. మూడు రోజుల్లోనే జపాన్‌లో 20 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మొదటి డిస్కు చివర ఏరిత్ అనే పాత్ర మరణం చూసి కన్నీళ్లు పెట్టుకున్న తరం ఒకటుంది. అమెరికాలో ఈ ఆటను సోనీయే ప్రచురించి ప్రచారం చేసింది. 1997లోనే ఎనిక్స్ కూడా 'డ్రాగన్ క్వెస్ట్ 7'ను ప్లేస్టేషన్‌కు ప్రకటించింది. ఎనిక్స్ పద్ధతి మొదటినుంచీ ఒకటే: ఎక్కువ ఇళ్లలో ఏ యంత్రం ఉంటే దానికే ఆట. అందుకే ఎనిమిదో భాగం ప్లేస్టేషన్ 2కు, తొమ్మిదోది 2009లో నింటెండో డీఎస్‌కు వెళ్లాయి. రెండు కంపెనీలూ 2003 ఏప్రిల్ 1న విలీనమై స్క్వేర్ ఎనిక్స్ అయ్యాయి. ఫైనల్ ఫాంటసీ 7 నింటెండో యంత్రం మీద అడుగుపెట్టడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది.

నింటెండోను ఈ దెబ్బ నుంచి కొంత కాచింది చేతిలో ఇమిడే గేమ్ బాయ్. సతోషీ తజిరి రూపొందించిన 'పోకెమాన్' రెడ్, గ్రీన్ పేర్లతో 1996 ఫిబ్రవరి 27న వచ్చింది. ఎక్స్‌క్లూజివ్ సూత్రం ఇందులో ఒకే ఆటకు చెందిన రెండు క్యాట్రిడ్జ్‌ల మధ్యకు దిగింది. ఎకాన్స్ అనే పాము రెడ్‌లోనే దొరుకుతుంది, శాండ్‌ష్రూ గ్రీన్‌లోనే. అన్నీ కావాలంటే కేబుల్‌తో పక్కవాడి గేమ్ బాయ్‌కు కలిపి ఇచ్చిపుచ్చుకోవాలి.

పాశ్చాత్య దేశాల్లో

ఇదే దశకంలో అమెరికా, కెనడాల్లో కంప్యూటర్ ఆర్పీజీలు బాగా ఎదిగాయి, 'ఫాల్అవుట్' (1997), 'బాల్డర్స్ గేట్' (1998) వాటిలో ప్రసిద్ధమైనవి. మైక్రోసాఫ్ట్ 2001లో ఎక్స్‌బాక్స్ తెచ్చాక అలాంటి ఆటలు చేసే కంపెనీలు కన్సోల్ వైపు చూశాయి. 2002లో 'మారోవిండ్', 2003లో బయోవేర్ చేసిన 'నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్' కన్సోళ్లలో ఎక్స్‌బాక్స్‌కే పరిమితమయ్యాయి. జపాన్ ఆటగాళ్లను గెలవాలని మైక్రోసాఫ్ట్ సకగుచి కొత్త సంస్థ చేత 'బ్లూ డ్రాగన్' (2006), 'లాస్ట్ ఒడిస్సీ' (2007) చేయించింది. ఆటలు బాగున్నా జపాన్‌లో ఎక్స్‌బాక్స్ 360 నిలదొక్కుకోలేదు. 2008లో 'ఫైనల్ ఫాంటసీ 13' తమ యంత్రానికీ వస్తుందని మైక్రోసాఫ్ట్ తన వేదిక మీదే ప్రకటింపజేసుకోవడం సోనీ అభిమానులకు మింగుడుపడలేదు.

ఏది ముఖ్యమన్న చర్చ

ఆర్పీజీకి ప్రాణం కథా, పోరాటమా, స్వేచ్ఛా అన్న వాదన ఈ ఆటలంత పాతదే. విజర్డ్రీ వారసులకు లెక్క తప్పని పోరాటం ముఖ్యం. ఫైనల్ ఫాంటసీ అభిమానులకు కథ, పాత్రలు, సంగీతం. 13వ భాగంలో దారి చాలాసేపు ఒకే గొట్టంలా సాగుతుందని వచ్చిన విమర్శ, 2010లో నింటెండో వారి వీ కన్సోల్‌కు మోనోలిత్ సాఫ్ట్ చేసిన 'జెనోబ్లేడ్ క్రానికల్స్' విశాలమైన మైదానాలకు దక్కిన ప్రశంస, తిరగడానికి చోటు కూడా కథతో సమానమని తేల్చాయి. ఆ ఆటను అమెరికాలో విడుదల చేయాలని అభిమానులు 'ఆపరేషన్ రెయిన్‌ఫాల్' పేరుతో ఉద్యమమే నడిపారు. 2012లో అక్కడికి వచ్చింది.

ఆటగాడి నిర్ణయానికి ఉన్న విలువ తెలిసేది 'మాస్ ఎఫెక్ట్' శ్రేణిలో. 2007 నాటి మొదటి భాగం అప్పట్లో కన్సోళ్లలో ఎక్స్‌బాక్స్ 360కే వచ్చింది. అందులో ఎవరిని బతికించాం, ఎవరిని వదిలేశాం అన్నది సేవ్ ఫైలు ద్వారా రెండో భాగానికి వెళుతుంది. 2011లో రెండో భాగం ప్లేస్టేషన్ 3కు వచ్చినప్పుడు ఆ ఆటగాళ్ల దగ్గర అసలు మొదటి భాగమే లేదు. ఆ లోటు పూడ్చడానికి ఒక బొమ్మల కథ జోడించి, ముఖ్యమైన నిర్ణయాలను అందులోనే అడిగారు. 30 గంటల అనుబంధం కొన్ని నిమిషాల ప్రశ్నావళి అయింది. ఎక్స్‌క్లూజివ్ వల్ల ఆర్పీజీ ఆటగాడికి జరిగే నష్టం దీనికంటే తేటగా మరెక్కడా కనబడదు.

'డీమన్స్ సోల్స్' (2009) మరో పాఠం. హిదెతకా మియజకీ దర్శకత్వంలో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ చేసిన ఈ కఠినమైన ఆటను జపాన్‌లో సోనీ ప్రచురించింది, అమెరికాలో మాత్రం ప్రచురణ అట్లస్ చేతికి వెళ్లింది. అక్కడ అది విజయవంతమైంది. ఆ పేరు మీద హక్కు సోనీదే కావడంతో, మియజకీ తర్వాతి ఆట 'డార్క్ సోల్స్' (2011) కొత్త పేరుతో ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ రెండింటికీ వెళ్లింది. 2022 నాటి 'ఎల్డెన్ రింగ్' కూడా అదే దారి పట్టింది. సోనీ కోసం చేసిన 'బ్లడ్‌బోర్న్' (2015) మాత్రం ప్లేస్టేషన్ దాటలేదు.

కొనుగోళ్లు, గడువులు

2020 నుంచి పోటీ ఆటల స్థాయిని దాటి కంపెనీల స్థాయికి చేరింది. 'స్కైరిమ్' చేసిన బెథెస్డా మాతృసంస్థను 750 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు మైక్రోసాఫ్ట్ 2020 సెప్టెంబరులో ప్రకటించింది. ఫలితంగా 'స్టార్‌ఫీల్డ్' 2023లో ఎక్స్‌బాక్స్, కంప్యూటర్లకే వచ్చింది. సోనీ గడువు ఒప్పందాలను నమ్ముకుంది. 2023 జూన్ 22న ప్లేస్టేషన్ 5కు వచ్చిన 'ఫైనల్ ఫాంటసీ 16' 2024 సెప్టెంబరులో కంప్యూటరుకు, 2025 జూన్‌లో ఎక్స్‌బాక్స్‌కు చేరింది. ఒక్కోసారి ఒప్పందమే లేకుండా కూడా ఆట ఒక యంత్రానికి చిక్కుతుంది. 'బాల్డర్స్ గేట్ 3' 2023 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5కు రాగా, చిన్న ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో తెరను రెండుగా చీల్చి ఇద్దరు ఆడే సదుపాయం కుదరక ఎక్స్‌బాక్స్ విడుదల డిసెంబరు దాకా ఆగింది. చివరికి ఆ యంత్రానికి ఆ సదుపాయం లేకుండానే ఇచ్చారు.

ఆట తయారీ ఖర్చు పెరగడంతో ఒకే యంత్రం కొనుగోలుదారులు చాలడం లేదు. 2024 మేలో స్క్వేర్ ఎనిక్స్ ఇకపై అన్ని యంత్రాలకూ ఆటలు ఇస్తామని తన ప్రణాళికలో ప్రకటించింది. ఆ నవంబరులో 'డ్రాగన్ క్వెస్ట్ 3' పునర్నిర్మాణం ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్, నింటెండో స్విచ్, కంప్యూటర్లకు ఒకేసారి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ చేతిలోని బెథెస్డా కూడా 'ఒబ్లివియన్ రీమాస్టర్డ్'ను ప్లేస్టేషన్ 5కు ఇచ్చింది. పోకెమాన్ ప్రధాన శ్రేణి మాత్రం 1996 నుంచి నింటెండో యంత్రాలను విడిచి వెళ్లలేదు. 2025 అక్టోబరు 16న వచ్చిన 'లెజెండ్స్: జెడ్-ఎ' సైతం స్విచ్, స్విచ్ 2లకే పరిమితం.