సబ్బు ముక్కిపోవడం

సబ్బులో మిగిలివున్న నూనె గాలిలోని ఆక్సిజన్‌తో చర్య జరిపి, సబ్బుకు కనరు వాసన, రంగు మార్పు కలిగించడాన్ని '''సబ్బు ముక్కిపోవడం''' అంటారు. ఇళ్ళలో ఆలివ్ నూనె ఎక్కువగా వేసి తయారుచేసుకొనే సబ్బులలో ఇది ప్రధానమైన సమస్య. ఆలివ్ నూనె ఖరీదైనది. సబ్బు ఆరడానికి కూడా నెలలు పడుతుంది. లోపం బయటపడే సమయానికి దానిని సరిదిద్దే అవకాశం ఉండదు కనుక, నివారణ చర్యలు తయారీకి ముందే మొదలుకావాలి.

== లక్షణాలు ==
మొదట సబ్బుపై పసుపు లేక నారింజ రంగు మచ్చలు కనిపిస్తాయి. తరువాత పాత నూనె డబ్బా వంటి వాసన వస్తుంది, మచ్చలున్నచోట జిగట ఏర్పడుతుంది. ఇది బూజు కాదు. సబ్బు పి.హెచ్. విలువ సుమారు 9 నుండి 10 వరకు ఉండి, తేమ తక్కువగా ఉండటం వలన ఆరిన సబ్బులో సూక్ష్మజీవులు సాధారణంగా పెరగవు. అందువలన సూక్ష్మజీవులను అరికట్టే నిల్వ పదార్థాలు ముక్కిపోవడాన్ని ఆపలేవు.

== కారణాలు ==
కొవ్వు ఆమ్లాలలోని ద్విబంధాల వద్ద ఆక్సిజన్ చేరి పెరాక్సైడులు ఏర్పడతాయి. అవి విడిపోయి ఆల్డిహైడులు, కీటోనులుగా మారతాయి. కనరు వాసనకు కారణం ఇవే. వేడి, వెలుతురు, ఇనుము, రాగి వంటి లోహాల జాడలు ఈ చర్యను వేగవంతం చేస్తాయి.

ఆలివ్ నూనెలో 55-83% వరకు ఒలిక్ ఆమ్లం ఉంటుంది. దీనిలో ఒకే ద్విబంధం ఉండటం వలన ఆక్సీకరణ నెమ్మదిగా జరుగుతుంది. రెండు ద్విబంధాలున్న లినోలిక్ ఆమ్లం సుమారు పదిరెట్లు వేగంగా ఆక్సీకరణ చెందుతుంది. కనుక ఆలివ్ నూనెకు సాధారణ పొద్దుతిరుగుడు నూనె లేక కుసుమ నూనె కలిపితే సబ్బు త్వరగా పాడవుతుంది. కొబ్బరినూనెలో 90% వరకు సంతృప్త ఆమ్లాలు ఉండటం వలన అది సబ్బు నిలువకు తోడ్పడుతుంది.

== చరిత్ర ==
ఫ్రాన్స్‌లో 14వ లూయీ కాలంలో 1688లో వెలువడిన రాజశాసనం మార్సెయ్ సబ్బులో ఆలివ్ నూనె తప్ప ఇతర కొవ్వులను వాడరాదని, వేసవి నెలలైన జూన్, జూలై, ఆగస్టులలో తయారీ నిలిపివేయాలని నిర్దేశించింది. పాలస్తీనాలోని నాబ్లుస్, సిరియాలోని అలెప్పో నగరాలలో సబ్బును ఉడికించి, ముక్కలుగా కోసి, గాలి ఆడేలా దొంతరలుగా పేర్చి నెలల తరబడి ఆరబెడతారు. ఈ రెండు సంప్రదాయాలను యునెస్కో 2024లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

== వాతావరణ ప్రభావం ==
తెలంగాణలోని మెదక్ పట్టణంలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. రేకుల కప్పు కింద నిలువచేసిన సబ్బు ఇంకా ఎక్కువ వేడికి గురవుతుంది. వానాకాలంలో సబ్బులోని గ్లిసరిన్ తేమను పీల్చుకోవడం వలన పైన చెమటబొట్లు ఏర్పడతాయి. ఈ ప్రాంతంలో నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉండే పొడి, చల్లని కాలం తయారీకి, ఆరబెట్టడానికి అనుకూలం.

== నివారణ ==
* '''నూనె:''' తాజా నూనెనే వాడాలి. కనరు వాసన మొదలైన నూనెను సబ్బుగా మార్చినా ఆ దోషం పోదు. నూనెను ముదురు రంగు సీసాలో, పొయ్యికి దూరంగా ఉంచాలి.
* '''క్షారం లెక్క:''' ఒక కిలో ఆలివ్ నూనె పూర్తిగా సబ్బుగా మారడానికి సుమారు 135 గ్రాముల శుద్ధమైన కాస్టిక్ సోడా కావాలి. చర్మానికి హాని కలగకుండా 5% తగ్గించి సుమారు 128 గ్రాములు వాడతారు. కాస్టిక్ సోడా గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడును పీల్చుకొని బలం కోల్పోతుంది. మూత తెరచి ఉంచిన పాత సోడాను వాడితే, లెక్క సరిగా ఉన్నా నూనె ఎక్కువగా మిగిలి ముక్కిపోతుంది. అయితే ముక్కిపోతుందనే భయంతో సోడాను అవసరానికి మించి వేయరాదు. మిగిలిన క్షారం చర్మాన్ని కాలుస్తుంది.
* '''నీరు, పాత్రలు:''' బోరు నీటికి బదులు డిస్టిల్డ్ వాటర్ వాడాలి. ఇనుము, రాగి, ఇత్తడి పాత్రలు పనికిరావు. అల్యూమినియం క్షారంతో చర్య జరిపి హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలు మేలు. ఎల్లప్పుడూ సోడాను నీటిలో కలపాలి, నీటిని సోడాపై పోయరాదు.
* '''నిమ్మ ఉప్పు:''' ఇది క్షారంతో కలిసి సోడియం సిట్రేటుగా మారి లోహపు జాడలను బంధిస్తుంది. కిలో నూనెకు 10 గ్రాముల నిమ్మ ఉప్పు వేస్తే, అది ఖర్చుచేసే సుమారు 6 గ్రాముల సోడాను అదనంగా కలపాలి.
* '''ఆక్సీకరణ నిరోధకాలు:''' రోజ్‌మేరీ సారం, బి.హెచ్.టి. వంటివి సోడా కలపడానికి ముందే నూనెలో వేయాలి.
* '''ఆరబెట్టడం:''' సబ్బు ముక్కలను ఒకదానికొకటి తగలకుండా, ఎండ పడని, గాలి ఆడే చోట కర్ర లేక ప్లాస్టిక్ అరలపై కనీసం 4-6 వారాలు ఉంచాలి. ఆలివ్ నూనె ఎక్కువగా ఉన్న సబ్బుకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఇనుప జాలీలు తగిలినచోట మచ్చలు త్వరగా వస్తాయి.

== ముక్కిపోయిన సబ్బు ==
ఇటువంటి సబ్బుకు మురికిని తొలగించే గుణం పోదు కనుక బట్టలు ఉతకడానికి వాడవచ్చు. దానిని కరిగించి కొత్త సబ్బులో కలపరాదు. దానిలోని పెరాక్సైడులు కొత్త సబ్బులో కూడా ఆక్సీకరణను మొదలుపెడతాయి.

== ఇవి కూడా చూడండి ==
* సబ్బు
* ఆలివ్ నూనె
* సపోనిఫికేషన్
* కొవ్వు ఆమ్లాలు