కంప్యూటర్ ఆధారిత సంజ్ఞానాత్మక శిక్షణ

తలకు దెబ్బ తగలడం వల్లనో పక్షవాతం వల్లనో మెదడు దెబ్బతిన్నవారిలో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, ఆలోచనా వేగం, ప్రణాళికా సామర్థ్యం వంటివాటిని మెరుగుపరచడానికి కంప్యూటర్‌పై చేయించే క్రమబద్ధమైన అభ్యాసం. ఇది మెదడు పునరావాస చికిత్సలో ఒక భాగం. వ్యక్తిగత కంప్యూటర్లు అందుబాటులోకి వచ్చిన 1980లలో దీని వాడకం పెరిగింది.

పద్ధతి: తెరపై వెలిగిన గడుల వరుసను గుర్తుపెట్టుకుని తిరిగి చూపడం, నిర్ణీత గుర్తు కనబడగానే మీట నొక్కడం వంటివి సాధారణ అభ్యాసాలు. సరైన సమాధానాలు పెరిగేకొద్దీ ప్రోగ్రామ్ కష్టస్థాయిని పెంచుతుంది, తప్పులు ఎక్కువైతే తగ్గిస్తుంది. జర్మనీకి చెందిన రెహాకామ్, స్వీడన్‌కు చెందిన కాగ్‌మెడ్ ఇలాంటి ప్రోగ్రామ్‌లలో ప్రసిద్ధమైనవి. కాగ్‌మెడ్ పద్ధతికి కరోలిన్‌స్కా సంస్థకు చెందిన టోర్కెల్ క్లింగ్‌బెర్గ్ పరిశోధనలు మూలం.

ఫలితాలు, పరిమితులు: పక్షవాతం వచ్చిన 18 మందిపై స్వీడన్‌లో జరిగిన చిన్న అధ్యయనంలో (2007) ఐదు వారాల శిక్షణ తర్వాత పని జ్ఞాపకశక్తి (సమాచారాన్ని కొద్దిసేపు మనసులో నిలుపుకుని వాడుకునే శక్తి), ఏకాగ్రత మెరుగుపడ్డాయి. అయితే అభ్యాసం చేసిన పనుల్లో కనిపించే మెరుగుదల వంట, డబ్బు లెక్కలు, ఉద్యోగం వంటి నిత్యజీవిత పనులకు ఎంతవరకు విస్తరిస్తుందన్నది వివాదాస్పదం. అందుకే చికిత్సకుల పర్యవేక్షణ లేకుండా కంప్యూటర్ అభ్యాసాలపైనే ఆధారపడరాదని పునరావాస మార్గదర్శకాలు సూచిస్తాయి. పక్షవాతం, తలగాయాల వల్ల కలిగే లోపాలను తగ్గిస్తామన్న ప్రకటనలకు తగిన ఆధారాలు లేవన్న ఆరోపణపై, మెదడు శిక్షణ ఆటలు అందించే లుమాసిటీ సంస్థ 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 20 లక్షల డాలర్ల చెల్లింపుకు రాజీ కుదుర్చుకుంది.